నాలుగు చదువులు, ఎవరి లెక్క వారిదే

ఇంగ్లండులో ఆరేళ్ల పిల్లలు ఏటా జూన్‌లో టీచరు ముందు కూర్చుని నలభై మాటలు చదివి వినిపించాలి. వాటిలో సగం అర్థం లేనివి. బట్టీ పట్టారో, అక్షరాలు కూడబలుక్కోవడం నిజంగా వచ్చిందో తేలాలని 2012లో పెట్టిన పరీక్ష అది. పక్కనే ఉన్న వేల్స్‌లో అలాంటిదేమీ లేదు. అక్కడ స్కూళ్ల ర్యాంకుల జాబితాలకు సైతం 2001లోనే స్వస్తి చెప్పారు. స్కాట్లండు చదువులైతే 1707లో ఇంగ్లండుతో విలీనమైన తర్వాత కూడా విడిగానే సాగాయి. 1999లో లండన్ నుంచి ప్రాంతీయ ప్రభుత్వాలకు అధికారాల బదిలీతో ఆ తేడాలు మరింత పెరిగాయి. ఉత్తర ఐర్లండుతో కలిపి ఈ నాలుగింటిదీ బ్రిటన్ అనే ఒకే దేశం, పాస్‌పోర్టూ ఒక్కటే. బడి మాత్రం నాలుగు తీరులు.

తీరులు వేరైనందుకు మాకు అభ్యంతరం లేదు. 1976లో విద్యను ఉమ్మడి జాబితాలో చేర్చిన నాటి నుంచి కేంద్రంతో పేచీలు పడుతున్న మన రాష్ట్రాలకు ఆ స్వేచ్ఛ విలువ తెలుసు. పొరుగువాడి అనుభవాన్ని కన్నెత్తి చూడకపోవడమే అక్కడి అసలు జబ్బు. 2020లో కొవిడ్ వల్ల పరీక్షలు రద్దయితే, టీచర్లు వేసిన గ్రేడ్లను స్కాట్లండు ఒక గణిత సూత్రంతో కోసింది. పేద ప్రాంతాల పిల్లలే ఎక్కువగా నష్టపోయారని గగ్గోలు పుట్టడంతో ఆగస్టు 11న వెనక్కి తగ్గింది. అది చూసి కూడా ఇంగ్లండు 13న అదే తరహా ఫలితాలు విడుదల చేసి, 17న అదే తీరున నాలుక కరుచుకుంది.

ఫీజుల కథ మరీ చిత్రం. 2004 జనవరిలో ఇంగ్లండు వర్సిటీల ఫీజు పెంచే బిల్లు బ్రిటన్ పార్లమెంటులో అయిదు ఓట్ల తేడాతో గట్టెక్కింది. గట్టెక్కించిన వారిలో తమ నియోజకవర్గాల పిల్లలకు ఆ భారం తగలని స్కాట్లండు ఎంపీలూ ఉన్నారు! 2025-26లో ఇంగ్లండు విద్యార్థికి ఫీజు 9,535 పౌండ్లు. ఎడిన్‌బరోలో స్కాట్లండు విద్యార్థికి ఫీజే లేదు. అయితే ఉచితానికీ ఓ ధర ఉంది. ఖర్చు సర్కారుది కాబట్టి స్థానికుల సీట్లకు పరిమితి పెట్టారు. వారి తరఫున ఫీజు కింద ముట్టేది 1,820 పౌండ్లే. గ్రాంటు కలిపినా చాలడం లేదని వర్సిటీల మొర. ఆ లోటు పూడ్చేవారిలో హైదరాబాద్, విజయవాడల నుంచి వెళ్లి విదేశీ ఫీజు కట్టే మన పిల్లలూ ఉన్నారు.

ఎవరి దారి మంచిదో తేల్చుకోవడానికి ఆధారాలు అరకొర. పదిహేనేళ్ల పిల్లలకు పెట్టే అంతర్జాతీయ పరీక్ష ‘పీసా’లో 2022లో గణితంలో ఇంగ్లండుకు 492, ఉత్తర ఐర్లండుకు 475, స్కాట్లండుకు 471, వేల్స్‌కు 466 పాయింట్లు వచ్చాయి. ఇంగ్లండు నేతలు జబ్బలు చరుచుకున్నారు గానీ, బ్రిటన్‌లో ఆ పరీక్ష రాసినవారి శాతం నిర్ణీత ప్రమాణాన్ని అందుకోలేదన్న సంగతిని పెద్దగా ఎత్తలేదు. స్కాట్లండు 2010లో టిమ్స్, పిర్ల్స్ అనే మరో రెండు అంతర్జాతీయ పరీక్షల నుంచి తప్పుకొంది. తిరిగి చేరతామనడానికి 2023 దాకా పట్టింది.

పేద విద్యార్థి ఎవరన్నది తేల్చడానికి స్కాట్లండు ప్రధానంగా నివాస ప్రాంతాన్ని చూస్తుంది. ఇంగ్లండు ఎక్కువగా బడిలో ఉచిత భోజనానికి అర్హతను చూస్తుంది. ఫీజు మాఫీ వల్ల పేదింటి పిల్లలు వర్సిటీ మెట్లెక్కారా అని అడిగితే, రెండు ప్రభుత్వాలూ పొంతన లేని అంకెలు చూపిస్తాయి. నాలుగు రాజధానుల విద్యామంత్రులూ ముందు ఈ ఒక్క లెక్కనైనా ఒకే పద్ధతిలో తీసి, ఏటా ఒకే రోజున ప్రకటించాలి.