ఆనంద కుమారస్వామి: ఖనిజాల నుంచి కళ దాకా

భారతీయ కళకు తత్త్వవ్యాఖ్యాతగా ఆనంద కుమారస్వామికి పేరు స్థిరపడింది. అయితే తత్త్వం కంటే ముందు ఆయనను నడిపించింది రాయినీ, లోహాన్నీ, పనిచేసే చేతినీ ఓపికగా పరిశీలించే అలవాటేనని నా అభిప్రాయం. 1877లో కొలంబోలో తమిళ తండ్రికీ ఆంగ్లేయ తల్లికీ జన్మించిన ఆయన చదువు భూగర్భశాస్త్రం. సిలోన్ ఖనిజ సర్వే అధిపతిగా ఊరూరా తిరుగుతూ థోరియనైట్ అనే ఖనిజాన్ని గుర్తించిన ఈ శాస్త్రవేత్త, ఆ తిరుగుళ్లలోనే సంప్రదాయ చేతివృత్తులు కూలిపోతున్న తీరును కళ్లారా చూశారు. మధ్యయుగ సింహళ కళపై 1908లో వెలువరించిన గ్రంథాన్ని, చేతిపనుల గౌరవం కోసం పోరాడిన ఆంగ్ల కవి, కళాకారుడు విలియం మోరిస్ వాడిన ముద్రణ యంత్రం మీదే అచ్చువేయించారు.

బుద్ధ ప్రతిమ వాయవ్యాన ఉన్న గాంధారంలో గ్రీకు ప్రభావంతో పుట్టిందన్న ఫ్రెంచి పండితుడు ఫూషే వాదాన్ని 1927లో ఆయన ఎదుర్కొన్నప్పుడు కూడా ఈ పరిశీలనే ఆయుధమైంది. మథుర ఎర్రరాతి బుద్ధుడి విశాలమైన భుజాలు, ఎత్తిన కుడిచేయి, మోకాలిపై ఆనించిన ఎడమచేయి, ఒంటికి అతుక్కున్న పలుచని వస్త్రం చూపి, వీటి మూలాలు అంతకుముందున్న యక్ష విగ్రహాల్లో ఉన్నాయని నిరూపించబూనారు. ఏ ప్రాంతం ముందన్న చర్చ తర్వాత కూడా సాగినా, స్వదేశీ శిల్ప పరంపరను పక్కనపెట్టి ఆ చర్చ చేయడం ఇక ఎవరికీ సాధ్యపడలేదు.

ఆయనతో నాకు పేచీ ఒకచోట ఉంది. వృత్తికులాల వ్యవస్థలో ఆయన కళకు రక్షణ చూశారు గానీ, ఆ కట్టుబాటు శిల్పి బిడ్డలకు వేసిన సంకెళ్లను తగినంతగా తూచలేదు.

తెలుగువారికి ఆయనతో దగ్గరి బంధుత్వమే ఉంది. 1917లో నాట్యాభినయాన్ని, హస్తముద్రలను వివరించే సంస్కృత గ్రంథమైన నందికేశ్వరుడి అభినయదర్పణాన్ని ఆంగ్లంలోకి తెచ్చినప్పుడు ఆయనకు తోడుగా నిలిచినవారు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. వేళ్లన్నీ కలిపి చాచే పతాకహస్తంలో ఉంగరపు వేలు వంచితే త్రిపతాకం, చిటికెన వేలు కూడా వంచితే అర్ధపతాకం అవుతాయి. అంతటి సూక్ష్మభేదాలను మరో భాషలో నిలపడం సామాన్యమైన పని కాదు. చీరాల-పేరాల నాయకుడిగా మనం తలచుకునే ఆంధ్రరత్నను ఈ అనువాదకుడిగా తలచుకోవడం అరుదు. ఆ పుస్తకం ముఖపత్రం మీద మాత్రం ఇద్దరి పేర్లూ పక్కపక్కనే ఉన్నాయి.