పెట్రోల్ ముల్లు పనిచేయట్లేదా? పార్టు కొనే ముందు పరీక్ష చేయమనండి

కారులో పెట్రోల్ ముల్లు కదలడం లేదని షెడ్డుకి తీసుకెళ్తే, వెనక సీటు కూడా ఎత్తకుండానే "మీటర్ పోయింది సార్, మార్చేద్దాం" అంటున్నారు. ఇంకో షెడ్డుకి వెళ్తే "పంపు అసెంబ్లీ మొత్తం మార్చాలి" అంటారు, అంటే ట్యాంకులో ఉండే పెట్రోల్ పంపు, లెవెల్ కొలిచే భాగం కలిసిన సెట్టు. రెండు చోట్లా ఎవరూ కరెంటు, రెసిస్టెన్స్ కొలిచే మల్టీమీటర్ బయటికి తీయరు. దీని మీద నాకు నిజంగా కోపం ఉంది. వాళ్ల ఊహలకి మనం వేలల్లో బిల్లు కడుతున్నాం.

అసలు ఈ ఏర్పాటు చాలా చిన్నది. ట్యాంకులో ఒక ఫ్లోట్ ఉంటుంది. మిద్దె మీద నీళ్ల ట్యాంకులో తేలే బంతి లాగా అది పెట్రోల్‌తో పాటు పైకీ కిందికీ కదులుతుంది. దాని కడ్డీకి ఉన్న చిన్న కాంటాక్టు ఒక రెసిస్టెన్స్ పట్టీ మీద జారుతూ ఉంటుంది. ఎక్కడ ఆగితే అక్కడి ఓమ్స్‌ని (రెసిస్టెన్స్ కొలతని) బట్టి డ్యాష్‌బోర్డులో ముల్లు కదులుతుంది. మధ్యలో ఒక వైరు, వైర్లని కలిపే ఒకటి రెండు కప్లర్లు, కారు బాడీకి కలిపే ఒక ఎర్త్. అంటే తప్పు ఉంటే ఫ్లోట్ యూనిట్‌లో ఉండాలి, వైరులో ఉండాలి, ఎర్త్‌లో ఉండాలి, లేదంటే డ్యాష్‌బోర్డులో ముళ్లన్నీ ఉండే మీటర్‌లో. స్పీడు, టెంపరేచర్, మిగతా లైట్లు అన్నీ బాగా పనిచేస్తూ పెట్రోల్ ముల్లు ఒక్కటే పడిపోతే, ముందుగా అనుమానించాల్సింది మీటర్‌ని కాదు. అదే పాత తరం కార్లలో పెట్రోల్ ముల్లు, టెంపరేచర్ ముల్లు రెండూ ఒకేసారి తప్పు చూపిస్తే, వాటికి కరెంటు సరిచేసి ఇచ్చే చిన్న స్టెబిలైజర్‌ని చూడాలి.

ముల్లు ప్రవర్తనే సగం సంగతి చెప్పేస్తుంది. గతుకుల్లో ఎగిరెగిరి పడుతుంటే కప్లర్ గానీ ఎర్త్ గానీ వదులై ఉండొచ్చు. ఎప్పుడూ ఒకే లెవెల్ దగ్గరికి వచ్చాక పడిపోయి, ఇంకాస్త నడిపాక మళ్లీ లేస్తుంటే ఆ చోట పట్టీ అరిగిపోయింది. ఫుల్ ట్యాంక్ కొట్టించినా ఖాళీ అనే చూపిస్తుంటే ఫ్లోట్‌లోకి పెట్రోల్ దిగి మునిగిపోయి ఉండొచ్చు. ఈ వివరాలు అడిగే మెకానిక్ దొరికితే వదులుకోకండి.

ఇక పరీక్ష. చాలా కార్లలో వెనక సీటు ఎత్తితే ఒక మూత, దాని కింద కప్లర్ ఉంటాయి. కప్లర్ ఊడదీసి తాళం ఆన్ చేస్తే ముల్లు ఒక చివరికి వెళ్లాలి. ఆ సిగ్నల్ వైరుని ఎర్త్‌కి కలిపితే రెండో చివరికి వెళ్లాలి. రెండు చివరలకీ వెళ్లిందంటే మీటరూ వైరూ రెండూ మంచివే, తప్పు ట్యాంకు వైపే ఉంది, అంటే ఫ్లోట్ యూనిట్‌లో గానీ దాని ఎర్త్‌లో గానీ. ఏ చివర ఖాళీ, ఏ చివర ఫుల్ అన్నది కారుని బట్టి మారుతుంది. పాత జనరల్ మోటార్స్ కార్లలో 0 ఓమ్స్ అంటే ఖాళీ, 90 అంటే ఫుల్. 240 ఓమ్స్ ఖాళీ, 33 ఫుల్ అయ్యే అమెరికన్ మీటర్లూ ఉన్నాయి. అందుకే మీ కారు మాన్యువల్‌లోని అంకెలు కావాలి. కొత్త కార్లలో నేరుగా ఎర్త్ చేయకుండా మాన్యువల్ చెప్పిన రెసిస్టర్ పెట్టి చూడాలి, ముల్లు మెల్లగా కదులుతుంది కాబట్టి కాసేపు ఆగాలి కూడా. ఆ కప్లర్ కింద ఉండే ట్యాంకుని తెరవడం మాత్రం ఇంట్లో చేసే పని కాదు. పెట్రోల్ ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు.

కారు కంప్యూటర్‌లో నమోదైన తప్పుల్ని కోడ్లుగా చదివే పరికరం ఉంటుంది. "స్కానర్ పెట్టాం, కోడ్ వచ్చింది" అని చెప్పి పంపు అసెంబ్లీ అంటగట్టేవాళ్లు ఉన్నారు. పీ0460 నుంచి పీ0464 దాకా వచ్చే కోడ్లు పెట్రోల్ లెవెల్ సర్క్యూట్‌లో తేడా ఉందని మాత్రమే చెబుతాయి. పీ0462 అంటే సిగ్నల్ తక్కువ, పీ0463 అంటే ఎక్కువ. తెగిన వైరుకీ పాడైన ఫ్లోట్‌కీ ఒకే కోడ్ రావచ్చు. ఆ తర్వాత మనిషి చేత్తో చూడాల్సిందే.

మా బావగారి కారు విషయంలో జరిగింది ఇదే. ఒక వర్క్‌షాప్‌లో మీటర్ పోయిందని సెకండ్ హ్యాండ్ మీటర్ వేశారు. ముల్లు మాత్రం కదల్లేదు. చివరికి ఖమ్మంలో ఒక పెద్దాయన, ఆటో ఎలక్ట్రీషియన్, కప్లర్ ఊడదీసి మల్టీమీటర్ పెట్టి, ఎర్త్ బోల్టు తుప్పు పట్టిందని చూపించారు. గరుకు కాగితంతో రుద్ది బిగించారు, ముల్లు లేచింది. కానీ కిలోమీటర్ల లెక్క కూడా మీటర్‌లోనే ఉంటుంది కదా! ఇప్పుడు ఆ కారు మీద కనిపించే కిలోమీటర్లు ఇంకెవరి కారువో. అమ్మకానికి పెడితే చూసినవాళ్లు మోసం అనుకుంటారు. అడగకుండా ఇంత నష్టం చేసే హక్కు వాళ్లకి ఎవరిచ్చారు?

ట్యాంకు వైపు తప్పు నిజంగానే వస్తుంది, కాదనడం లేదు. 2004 మేలో అమెరికాలోని ఫ్లోరిడా, లూసియానా ప్రాంతాల్లో సల్ఫర్ ఎక్కువున్న పెట్రోల్ అమ్ముడైంది. ఫ్లోట్ యూనిట్లలోని వెండి కాంటాక్టులు పాడై ముళ్లు తప్పు చూపించాయి. మన దగ్గర 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నియమాలు వచ్చాక పెట్రోల్‌లో సల్ఫర్ పరిమితి 50 పీపీఎం (పది లక్షల్లో 50 వంతులు) నుంచి 10కి తగ్గింది. అయినా వయసైన పట్టీ అరుగుతుంది. అప్పుడు మార్చండి, కానీ ఓమ్స్ చూపించి మార్చండి. కొన్ని కార్లకి ఫ్లోట్ యూనిట్ విడిగా దొరుకుతుంది. ఆ సంగతి అడిగితే గానీ చెప్పరు.

ఇదేదో చిన్న ఇబ్బంది అని వదిలేసేవాళ్లని చూస్తే నాకు భయమేస్తుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద రాత్రిపూట పిల్లలతో బండి ఆగిపోతే, వెనక నుంచి వచ్చే లారీకి మీ ముల్లు కథ తెలియదు. జాతీయ రహదారి అయితే 1033 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి, రైలింగ్ అవతల నిలబడండి.

రిపేరు అయ్యేదాకా ఫుల్ ట్యాంక్ కొట్టించి ట్రిప్ మీటర్ సున్నా చేసుకోండి. మీ బండి ఇచ్చే మైలేజీని బట్టి సగం ట్యాంకు ఎన్ని కిలోమీటర్లో లెక్కేసుకుని, అది దాటగానే బంకుకి వెళ్లండి. డీజిల్ బండి అయితే ఇంకా ముందే వెళ్లండి. ట్యాంకు ఎండి లైనులోకి గాలి పోతే డీజిల్ పోసినంత మాత్రాన స్టార్ట్ కాకపోవచ్చు, గాలి తీయించాల్సి వస్తుంది.