"ఎన్ని హెచ్‌పీ?" అని కాదు, "ఏ ప్రెషర్ దగ్గర ఎంత గాలి?" అని అడగండి

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఏ ఎయిర్ కంప్రెసర్ షాపుకి వెళ్లినా ముందు అడిగేది "ఎన్ని హెచ్‌పీ కావాలి సార్?" అని. తర్వాత "ట్యాంకు ఎన్ని లీటర్లు?" అని. ఈ రెండూ చెప్పేసి, డబ్బు కట్టేసి, ఆటో ట్రాలీలో మెషిన్ ఎక్కించుకుని వచ్చేస్తాం. నాలుగో రోజు నుంచి "ప్రెషర్ రావట్లేదు" అని గొడవ మొదలు. తప్పు మెషిన్‌ది కాదు. అమ్మేవాడూ కొనేవాడూ వాడిన మాటల్లోనే ఉంది.

హెచ్‌పీ మోటారు బలం చెబుతుంది. లీటర్లు గాలి దాచుకునే చోటు ఎంతో చెబుతాయి. మీ స్ప్రే గన్నుకి కావలసింది నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల (సీఎఫ్ఎం) గాలి, అది ఏ ప్రెషర్ దగ్గర అన్నది. 100 లీటర్ల ట్యాంకు బదులు 500 లీటర్లది పెట్టినా పంపు ఇచ్చే గాలి పెరగదు. మొదట్లో కాసేపు ఎక్కువ నిలుస్తుంది, తర్వాత మళ్లీ నిండడానికి అంతకంత టైం తీసుకుంటుంది.

సరే, సీఎఫ్ఎం అడిగారనుకోండి. అక్కడే అసలు మోసం. మోసం అన్న మాట తెలిసే వాడుతున్నాను. బ్రోషర్‌లో పెద్ద అక్షరాల్లో ఉండేది చాలాసార్లు డిస్‌ప్లేస్‌మెంట్. అంటే పిస్టన్ నిమిషానికి ఊడ్చే ఖాళీ. మీకు అందేది ఎఫ్ఏడీ, ఫ్రీ ఎయిర్ డెలివరీ. ఈ రెండూ ఒకటే అన్నట్టు "14 సీఎఫ్ఎం సార్" అనేస్తారు.

లెక్క మీరే వేసుకోండి. 70 ఎంఎం బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం), 60 ఎంఎం స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం), రెండు సిలిండర్లు, సింగిల్ స్టేజ్ (గాలిని ఒకే విడతలో నొక్కేది), 900 ఆర్‌పీఎం అనుకుందాం. ఒక సిలిండర్ ఒక చుట్టులో ఊడ్చేది 231 సీసీ. రెండింటికి 462. 900తో గుణిస్తే నిమిషానికి 416 లీటర్లు. ఒక సీఎఫ్ఎం అంటే 28.3 లీటర్లు కాబట్టి 14.7 సీఎఫ్ఎం. ఇది కాగితం మీది. పిస్టన్ పైకి వెళ్లినా హెడ్ కింద కొంచెం ఖాళీ మిగులుతుంది. అందులో ఇరుక్కున్న ప్రెషర్ గాలి పిస్టన్ కిందికి దిగేటప్పుడు మళ్లీ విచ్చుకుంటుంది, ఆ మేరకు కొత్త గాలి లోపలికి రాదు. వేడెక్కిన హెడ్ లోపలికొచ్చే గాలిని ఉబ్బిస్తుంది. రింగుల పక్కనుంచి, వాల్వ్ ప్లేట్ల సందుల్లోంచి కొంత వెనక్కి పోతుంది. ఇవన్నీ పోను ఇలాంటి చిన్న మెషిన్‌లో 7 కేజీల ప్రెషర్ (చదరపు సెంటీమీటర్‌కి 7 కేజీలు, దాదాపు 7 బార్) దగ్గర చేతికందేది 60, 70 శాతం. అంటే 9, 10 సీఎఫ్ఎం. గన్నుకి 12 కావాలంటే ఈ మెషిన్ మీద పని సాగదు.

"ఫ్రీ" అన్న మాట ఇంకో తిప్పలు తెచ్చిపెట్టింది. ప్రెషర్ లేకుండా ఊరికే వదిలితే వచ్చే గాలి అని చాలామంది అనుకుంటారు. కాదు. 7 కేజీల దగ్గర బయటికొచ్చిన గాలిని, అది పీల్చుకున్నప్పుడు బయట ఉన్న స్థితికి మార్చి చెప్పే అంకె అది. కొలిచే పద్ధతి ఐఎస్‌ఓ 1217 అనే అంతర్జాతీయ ప్రమాణంలో ఉంది. ప్రెషర్ పెరిగేకొద్దీ అదే మెషిన్ ఎఫ్ఏడీ తగ్గుతుంది. అందుకే పక్కన ప్రెషర్ రాయని ఎఫ్ఏడీకి విలువ లేదు. కొటేషన్‌లో "ఎఫ్ఏడీ ఇంత, 7 బార్ గేజ్ దగ్గర" (అంటే వాతావరణ పీడనం పైన 7 బార్) అని రాయించుకోండి. రాయను అన్నవాడి దగ్గర కొనకండి.

ఇంటికొచ్చాక పరీక్షించడం కూడా కష్టం కాదు. ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, డ్రెయిన్ బిగించి, అవుట్‌లెట్ కాక్ మూసి, మోటారు ఆన్ చేసి వాచ్ చూడండి. 220 లీటర్ల ట్యాంకు 0 నుంచి 7 బార్‌కి రావడానికి 6 నిమిషాలు పట్టిందనుకోండి. 220ని 7తో గుణించి, హైదరాబాద్ వాతావరణ పీడనం 0.95 బార్‌తో భాగిస్తే 1621 లీటర్లు. 6తో భాగిస్తే నిమిషానికి 270 లీటర్లు, అంటే 9.5 సీఎఫ్ఎం. ట్యాంకులో గాలి వేడిగా ఉంటుంది కాబట్టి ఇది కాస్త ఎక్కువ చూపిస్తుంది. బయట 35 డిగ్రీలు, లోపల 50 అయితే రెండింటికీ 273 కలిపి, 308ని 323తో భాగించి ఆ మేరకు తగ్గించండి. 9 చిల్లర వస్తుంది. బ్రోషర్ చెప్పిన 14 పక్కన ఈ అంకె రాసి డీలర్‌కి వాట్సాప్ చేయండి.

0.95 ఎందుకంటే మన ఊరు సముద్రమట్టానికి 540 మీటర్ల పైన ఉంది. విశాఖలో లాగా ఇక్కడ 1.013 ఉండదు. కంపెనీ కేటలాగ్‌లు చాలావరకు సముద్రమట్టం లెక్కలే.

"టూ స్టేజ్" అన్న మాట మీద కూడా జాగ్రత్త. రెండు సిలిండర్లు కనిపిస్తే టూ స్టేజ్ అని అమ్మేస్తున్నారు. రెండూ ఒకే సైజు అయితే అది సింగిల్ స్టేజ్ ట్విన్ సిలిండర్. టూ స్టేజ్ అంటే గాలిని రెండు విడతల్లో నొక్కేది; అందులో ఒకటి లావుగా, ఒకటి సన్నగా ఉంటుంది, లావు దాని నుంచి సన్న దానికి ఫిన్నుల పైపు వెళ్తుంది. ఆ పైపే ఇంటర్‌కూలర్, మధ్యలో గాలిని చల్లబరిచేది. డిస్‌ప్లేస్‌మెంట్ లెక్కలో లావు సిలిండర్‌నే తీసుకోవాలి. రెండూ కూడితే అంకె పెరుగుతుంది, గాలి పెరగదు.

ఇప్పుడు "ప్రెషర్ రావట్లేదు" సంగతి. బాలానగర్ వర్క్‌షాపుల్లో రోజూ వినబడే ఈ మాట పదింట ఎనిమిదిసార్లు తప్పు అని నా గట్టి అభిప్రాయం. తక్కువైంది ప్రెషర్ కాదు, ఫ్లో, అంటే నిమిషానికి అందే గాలి. తేల్చుకోవడానికి గన్ను దగ్గర టీ జాయింట్ పెట్టి ఒక ప్రెషర్ గేజ్ బిగించండి. ట్రిగ్గర్ వదిలి ఉన్నప్పుడు అది 7 చూపిస్తుంది, అందరూ అదే చూసి "ఉందిగా" అంటారు. ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని చూడండి. గన్ను దగ్గర 4కి పడిపోయి, ట్యాంకు గేజ్ 7 దగ్గరే ఉంటే దోషం దారిలో ఉంది: 6 ఎంఎం హోస్, మూసుకుపోయిన ఫిల్టర్, ఇరుకు క్విక్ కప్లర్. 10 ఎంఎం లోపలి వ్యాసం ఉన్న హోస్ వేస్తే చాలు. గన్నుతోపాటు ట్యాంకు గేజ్ కూడా దిగుతూ పోతే మెషిన్ ఇచ్చే సీఎఫ్ఎం చాలట్లేదు, లేదా లైన్‌లో లీకు ఉంది. 7 బార్ దగ్గర 3 ఎంఎం కన్నం ఒక్కటే 20 సీఎఫ్ఎం వరకు మింగేస్తుంది. ఆదివారం మెషిన్లన్నీ ఆపి, షెడ్డు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు లైన్ వెంట నడిస్తే చెవికే దొరికిపోతుంది.

ఈ తేడా తెలియక మనవాళ్లు చేసే పని ప్రెషర్ స్విచ్ స్ప్రింగ్ బిగించి 7ని 9 చేయడం. ఒక్కో బార్ పెంచితే కరెంటు 6, 7 శాతం ఎక్కువ కాలుతుంది. ఎఫ్ఏడీ ఇంకా తగ్గుతుంది, లీకులు ఇంకా గట్టిగా కారతాయి. ఆ తర్వాత సేఫ్టీ వాల్వ్ తెరుచుకుని గాలి ఊదేస్తుంది. "ఇది చెడిపోయింది" అని దాని స్ప్రింగ్ కూడా బిగిస్తారు, లేదంటే పీకేసి ప్లగ్ కొడతారు. దయచేసి ఈ పని చేయకండి, చేసేవాణ్ని ఆపండి. ప్రెషర్ స్విచ్ మోటారుని నడిపే పరికరం. సేఫ్టీ వాల్వ్ మనిషిని కాపాడే పరికరం. అడుగున తుప్పు తిన్న ట్యాంకుకి మిగిలిన ఒకే ఒక దిక్కు అది. నెలకోసారి రింగు లాగి ఊదుతోందో లేదో చూడాలి.

మోటారు ఆగగానే "తుస్"మని వచ్చే చప్పుడుని లీకు అనుకునేవాళ్లూ ఉన్నారు. అది అన్‌లోడర్. హెడ్‌లో, డెలివరీ పైపులో మిగిలిన గాలిని వదిలేస్తుంది, మళ్లీ స్టార్ట్ అయ్యేటప్పుడు మోటారు మీద బరువు పడకుండా. రెండు సెకన్లలో ఆగాలి. ఆగకుండా ఊదుతూనే ఉంటే అన్‌లోడర్ మార్చకండి, ట్యాంకు మూతి దగ్గరున్న ఎన్ఆర్‌వీ (గాలిని వెనక్కి రానివ్వని వాల్వ్) విప్పి చూడండి. దాని సీటు మీద కార్బన్ పేరుకుని ట్యాంకు గాలి వెనక్కి వస్తోంది. ఇక కేజీ, బార్, పౌండ్ల గొడవ అంటారా, అంత పట్టింపు అక్కర్లేదు. 7 కేజీలన్నా, దాదాపు 7 బార్లన్నా, 100 పౌండ్లన్నా షాప్ ఫ్లోర్ మీద ఒకటే. చైనా గేజ్ మీద మెగాపాస్కల్ ఉంటే 0.7 అంటే 7 బార్ అని గుర్తుంచుకుంటే చాలు.

పట్టించుకోవలసింది పెద్ద ప్లాంట్లలో "నార్మల్" క్యూబిక్ మీటర్. జీడిమెట్ల, పటాన్‌చెరు వైపు ఫార్మా యూనిట్లలో నైట్రోజన్ ప్లాంటుకి గంటకి 100 నార్మల్ క్యూబిక్ మీటర్ల గాలి కావాలని రాస్తారు. కొనేవాళ్లు నార్మల్ అంటే మామూలు అనుకుని 100 క్యూబిక్ మీటర్ల ఎఫ్ఏడీ ఉన్న స్క్రూ కంప్రెసర్ తెస్తారు. నార్మల్ అంటే 0 డిగ్రీలు, 1.013 బార్, పొడి గాలి. మే నెలలో మన దగ్గర 40 డిగ్రీలు, 0.95 బార్. ఇక్కడి ఒక క్యూబిక్ మీటర్ ఆ లెక్కలో 0.82 మాత్రమే. 100 నార్మల్ కావాలంటే 122 పీల్చాలి, గాలిలో తేమ ఉంటే ఇంకొంచెం ఎక్కువే. వర్షాకాలంలో కొని, కమిషనింగ్ బాగా జరిగి, ఎండాకాలంలో నైట్రోజన్ స్వచ్ఛత పడిపోతుంటే ముందు ఈ లెక్క చూడండి. ఎస్‌సీఎఫ్‌ఎం (స్టాండర్డ్ సీఎఫ్ఎం)లోని "స్టాండర్డ్" కూడా ఒక్కటి కాదు. గ్యాస్ పరిశ్రమలో 60 డిగ్రీల ఫారెన్‌హీట్, కంప్రెసర్ వాళ్లలో 20 డిగ్రీల సెల్సియస్, 1 బార్. వీటిలో ఏ స్టాండర్డో రాయించుకోవాలి.

తేమ అన్నాం కాబట్టి డ్యూ పాయింట్, అంటే గాలిలోని తేమ నీళ్లుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత. డ్రయ్యర్ అమ్మేవాడు "మైనస్ 22" అంటే మురిసిపోకండి. ప్రెషర్ డ్యూ పాయింటా, వాతావరణ పీడనం దగ్గరదా అని అడగండి. 7 బార్ దగ్గర ప్లస్ 3 డిగ్రీలు ఇచ్చే మామూలు రిఫ్రిజిరేటెడ్ డ్రయ్యర్‌నే వాతావరణ పీడనానికి మార్చి చెబితే మైనస్ 22 చుట్టూ వస్తుంది. మెషిన్ అదే, ధర మాత్రం తేమని గుళికలతో పీల్చేసే డెసికెంట్ డ్రయ్యర్‌ది అడుగుతారు. డ్రయ్యరే లేని చిన్న షాపులో అయితే జులైలో 28 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న రోజు 10 సీఎఫ్ఎం మెషిన్ ఆగకుండా 8 గంటలు నడిస్తే దాదాపు 2 లీటర్ల నీళ్లు దిగుతాయి. అదంతా ట్యాంకు అడుగునే కూర్చుని ప్లేటుని లోపలి నుంచి తింటుంది. డ్రెయిన్ కాక్ రోజూ తిప్పండి.

డెంటల్ క్లినిక్‌లకి, మందుల కంపెనీలకి అమ్మే "క్లాస్ 0" కూడా అంతే. కంప్రెసర్ గాలి శుభ్రతకి ప్రమాణమైన ఐఎస్‌ఓ 8573-1లో క్లాస్ 0 అంటే నూనె సున్నా అని కాదు. క్లాస్ 1 కంటే మెరుగ్గా, అమ్మేవాడూ కొనేవాడూ అంకె వేసి ఒప్పుకున్న స్థాయి. నూనెకి క్లాస్ 1 హద్దు క్యూబిక్ మీటర్‌కి 0.01 మిల్లీగ్రామ్. అంకె రాయని క్లాస్ 0 సర్టిఫికెట్ వట్టి కాగితం.

ఇవన్నీ డబ్బు పోయే తప్పులు. ప్రాణం తీసే మాట ఒకటుంది: "గ్యాస్". మనకి వంటగ్యాసూ గ్యాసే, ఏసీలో ఎక్కించేదీ గ్యాసే, వెల్డింగ్ సిలిండరూ గ్యాసే. ఏసీ పైపు లీక్ టెస్ట్‌కి "గ్యాస్ కొట్టి చూడు" అంటే కుర్రాడు పక్కనున్న ఆక్సిజన్ సిలిండర్ తగిలిస్తాడు. ఏసీ కంప్రెసర్‌లో నూనె ఉంటుంది. ప్రెషర్ మీదున్న ఆక్సిజన్ ఆ నూనెని తాకితే అగ్గిపుల్ల అక్కర్లేదు, పేలిపోతుంది. టెస్టింగ్‌కి పొడి నైట్రోజన్ ఒక్కటే, అదీ రెగ్యులేటర్ పెట్టి, ఎందుకంటే సిలిండర్‌లో 150 బార్ ఉంటుంది. మామూలు కంప్రెసర్ గాలి కూడా వద్దు, దాంట్లోని తేమని ఇప్పటి ఏసీల్లో వాడే నూనె పీల్చుకుని ఆమ్లంగా మారుతుంది. ఆక్సిజన్ నల్ల బాడీ, ఆసుపత్రిదైతే తెల్ల మెడ. నైట్రోజన్ బూడిద రంగు బాడీ, నల్ల మెడ. రంగు వెలిసిపోయి ఉంటే లేబుల్ చదవండి, లేబుల్ కూడా లేకపోతే ఆ సిలిండర్‌ని వెనక్కి పంపండి. కుర్రాడితో "గ్యాస్" అనకండి, "నైట్రోజన్ తే" అనండి.

"10 కేజీ పైపు" కూడా ఇలాంటిదే. పీవీసీ పైపు మీద రాసిన 10 కేజీలు నీళ్లకి. నీళ్లు నొక్కుకుపోవు, పైపు చీలితే చిమ్మి ఆగిపోతాయి. గాలి స్ప్రింగ్‌లా విచ్చుకుంటుంది, అదే పైపు ముక్కలు కత్తుల్లా ఎగురుతాయి. గాలి లైన్‌కి జీఐ గానీ, అల్యూమినియం గానీ వాడండి.

చివరగా ఆక్సిజన్ సిలిండర్ల అక్షరాలు. కోవిడ్ రోజుల్లో "డి టైప్ కావాలి, బి టైప్ ఉంది" అని ఊరంతా ఫోన్లు చేసుకున్నాం. మన దేశంలో డి టైప్ అంటే 46.7 లీటర్ల నీటి సామర్థ్యం ఉన్న పెద్ద సిలిండర్, 150 బార్ దగ్గర 7 క్యూబిక్ మీటర్లు. అమెరికాలో డి అంటే చంకలో పెట్టుకునే చిన్నది, 400 లీటర్ల చుట్టూ పడుతుంది. విదేశాల్లోని పిల్లలు నెట్‌లో చూసి ఇక్కడి అమ్మానాన్నలకి చెబితే లెక్క ఎక్కడికో పోతుంది. అక్షరం వదిలేసి నీటి సామర్థ్యం, గేజ్ మీది ప్రెషర్ అడగండి, రెండూ గుణించండి. 10 లీటర్ల బి టైప్‌లో 150 బార్ ఉంటే 1500 లీటర్లు. నిమిషానికి 5 లీటర్ల చొప్పున 5 గంటలు. గేజ్ 75కి దిగితే రెండున్నర గంటలే మిగిలినట్టు, అప్పుడే రెండో సిలిండర్‌కి ఫోన్ చేయాలి.