శాంతియుతంగా గొంతు నులిమే కళ

కర్ర విరగకుండా పాము చావాలన్న పెద్దల కోరికను ఆర్థిక ఆంక్ష ఒక్కటే నెరవేర్చగలదని నిపుణుల గట్టి నమ్మకం. ఇందులో నెత్తురు చిందదు, శవపేటికలు ఇంటికి రావు. ఒక సంతకం, ఒక రబ్బరు ముద్ర చాలు, ఎదుటి దేశం తప్పు తెలుసుకుని బుద్ధిగా చేతులు కట్టుకుంటుంది. కట్టుకోకపోతే ఆ లోపం ఆంక్షది కాదు, ఆ దేశపు బుర్రది.

1941 నాటి జపాన్ ఉదంతాన్ని ఈ విద్యకు తొలి పాఠంగా పెట్టాలని నా మనవి. నాలుగేళ్లుగా చైనాను చెండాడుతున్న జపాన్ అమాయకురాలేమీ కాదు. ఆ దండయాత్రలు సాగించిన దేశానికి చమురులో దాదాపు 80 శాతం అమెరికాయే అమ్ముతూ వచ్చిందన్న సంగతిని మాత్రం మర్యాద కొద్దీ ఇక్కడే వదిలేద్దాం. 1940లో ఇనుప తుక్కు ఆగింది. మరుసటి జూలైలో జపాన్ సేనలు ఫ్రెంచి వలసైన ఇండోచైనా (నేటి వియత్నాం ప్రాంతం) దక్షిణ భాగంలోకి దిగే సరికి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఆ దేశపు ఆస్తులను స్తంభింపజేశాడు.

చమురు పూర్తిగా ఆపితే జపాన్ చమురున్న డచ్చి ఈస్టిండీస్ (నేటి ఇండోనేషియా) మీద పడుతుందని, యుద్ధం వస్తుందని ఆయనకు తెలియక కాదు. ఆ ముక్క జూలై 24న స్వయంగా చెప్పాడు కూడా. అందుకే లైసెన్సు తీసుకుని కొనుక్కునే వీలు కాగితం మీద ఉంచారు. అయితే విదేశాంగ శాఖ అధికారి డీన్ అచెసన్ ముందుండి నడిపిన సంఘం, ఆ కొనుగోలుకు చెల్లించాల్సిన సొమ్మును విడుదల చేయలేదు. కొనవచ్చు, డబ్బు మాత్రం ఇవ్వరాదు! ప్రపంచ చరిత్రను సేనాపతులే మలుపు తిప్పుతారనుకునేవారు గుమాస్తాగిరీని తక్కువ అంచనా వేస్తున్నారు.

టోక్యోలో ఈ శాంతిమంత్రం వెంటనే ఫలించింది. అంతవరకు యుద్ధం కావాలన్నవారి దగ్గర ఆవేశం మాత్రమే ఉండేది. ఇప్పుడు వారి చేతికి క్యాలెండరు కూడా వచ్చింది. నిల్వలు రెండేళ్లకు సరిపోతాయని, యుద్ధమే వస్తే ఏడాదిన్నరకే అడుగంటుతాయని నౌకాదళాధిపతి నగానో లెక్క తేల్చాడు. ఇక ఆగి చూద్దామన్నవాడు వివేకి కాడు, రోజుకింత చమురు తగలేసే దుబారా మనిషి.

సెప్టెంబరు 5న హిరోహిటో చక్రవర్తి సైన్యాధిపతి సుగియామాను పిలిపించి, దక్షిణ సముద్రాల పని, అంటే అక్కడి దేశాలను పట్టుకోవడం, ఎన్నాళ్లు పడుతుందని అడిగాడు. మూడు నెలలన్నాడాయన. చైనా సంగతి నెల రోజుల్లో తేలిపోతుందని 1937లో సైనిక మంత్రిగా చెప్పింది నువ్వే కదా అన్నాడు చక్రవర్తి. చైనా లోపలి ప్రాంతం చాలా విశాలమైనదని సుగియామా సంజాయిషీ. పసిఫిక్ అంతకన్నా విశాలం కాదా అన్న ప్రశ్నకు ఆయన తల వంచుకున్నాడు. మర్నాడు జరిగిన సమావేశం అమెరికాతో రాయబారాలకు అక్టోబరు తొలి రోజుల వరకు గడువిచ్చింది. తలలు వంగినా క్యాలెండరు వంగదు.

డిసెంబరు 7న పెర్ల్ హార్బర్‌పై బాంబులు పడ్డాయి. 1942 ఫిబ్రవరి 14న జపాన్ పారాచూట్ సైనికులు సుమత్రాలోని పాలెంబాంగ్ చమురు శుద్ధి కర్మాగారాల దగ్గర దిగారు. ఈసారి లైసెన్సు కోసం ఎవరికీ దరఖాస్తు పెట్టుకోలేదు.