చెలమకు తెలిసింది, బ్యారేజీకి తెలియలేదు

ఎండాకాలంలో ప్రాణహిత చిక్కిపోయినప్పుడు మహారాష్ట్ర కొసన ఉన్న మా సిరోంచ రేవులో పిల్లలు ఇసుకలో మోకాలి లోతు గుంత తవ్వుతారు. కాసేపటికి అడుగున చెమ్మ తేలుతుంది, ఆపైన నీళ్లు ఊరతాయి. బురద పేరుకుని నీళ్లు తేటపడే దాకా ఆగి దోసిళ్లతో తాగుతారు. ఆశపడి ఇంకా లోతుకు తవ్వితే అంచులు జారి చెలమ మొత్తం పూడిపోతుంది. ఇసుక కింద మరో నది కదులుతూ ఉంటుందనీ, ఆ నీరు దారి దొరికితే ఇసుకను కూడా వెంటబెట్టుకుపోతుందనీ ఈ ఒడ్డున పుట్టినవారికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

2023 అక్టోబరు 21న గోదావరి మీది మేడిగడ్డ బ్యారేజీ ఏడో బ్లాకులో పియర్లు, అంటే గేట్లను మోసే స్తంభాలు, కుంగిన వార్త విన్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ చెలమే. ఆ వెంటనే గుర్తొచ్చినవాడు ఆర్థర్ కాటన్.

కాటన్ గురించి గోదావరి జిల్లాల వారికి కొత్తగా చెప్పేదేమీ లేదు. ఊరూరా విగ్రహాలున్నాయి, నదిలో మునిగి సంకల్పంలో ఆయనను తలచుకునేవారున్నారు. ధవళేశ్వరం కథ అందరికీ తెలిసిందే కాబట్టి దాన్ని వదిలేస్తాను. ఆయనలో మనం పట్టించుకోనిది ఒకటుంది. ఆయన ముందుగా సైనికుడు. 1803లో పుట్టి, 1821లో మద్రాసు చేరి, మద్రాస్ ఇంజనీర్స్ దళంలో పనిచేస్తూ 1824 నుంచి 1826 దాకా సాగిన మొదటి బర్మా యుద్ధంలో పాల్గొన్నాడు. యుద్ధంలో ఇంజనీరు వేసిన వంతెన మీదుగా ముందు నడవాల్సింది అతని సాటి సైనికులే. లెక్క తప్పితే ఫలితం ఆ పూటే కళ్లముందు కనిపిస్తుంది. సంజాయిషీ రాసుకునే వ్యవధి కూడా ఉండదు. కాటన్ ఇంజనీరింగ్ అంతటికీ మూలం ఈ అలవాటేనని నా నమ్మకం. తాను కట్టినదాని పక్కనే నిలబడేవాడు. ధవళేశ్వరం పని నడుస్తుండగా వడదెబ్బ తగిలి మంచం పట్టేదాకా అక్కడి నుంచి కదల్లేదు. 1878లో, డెబ్భై అయిదేళ్ల వయసులో, తన ప్రతిపాదనలను సమర్థించుకోవడానికి బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందుకు వెళ్లాడు.

అంతకన్నా పెద్ద విషయం, ఆయన ఎవరి దగ్గర నేర్చుకున్నాడన్నది. కావేరి మీద కరికాల చోళుడి పేరుతో చెప్పుకునే పాత ఆనకట్ట కల్లణై ఇసుక మీదే నిలిచి ఉంది. రాళ్లు వేస్తారు, అవి కుంగుతాయి, వాటి మీద మళ్లీ రాళ్లు వేస్తారు. కుంగడం ఆగిన చోట పునాది దొరికినట్టు. లోతు తెలియని వదులు ఇసుకలో పునాది నిలబెట్టడం తాము ఈ దేశపు పాత పనివారి దగ్గరే నేర్చుకున్నామని కాటన్ స్వయంగా రాశాడు. పాలించడానికి వచ్చిన సైన్యంలోని అధికారి ఆ మాట ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. 1836లో కావేరి పాయ కొల్లిడం మీద మొదలుపెట్టిన ఆనకట్టలకూ, 1847లో ధవళేశ్వరంలో మొదలైన పనికీ ఆ పాఠమే ఆధారం. ఇసుకలో నూతులు దింపి వాటి మీద గోడ లేపారు, దిగువన పెద్ద రాళ్లు పరిచారు. వరద వచ్చి వెళ్లాక ఆ రాళ్లు ఎన్ని కొట్టుకుపోయాయో చూసి మళ్లీ వేశారు. 1852లో పూర్తయిన ఆ ఆనకట్ట నూరేళ్లకు పైగా నిలిచింది. ఏటా రాళ్లు వేసే ఆ ఓపిక లేకపోతే పదేళ్లు కూడా నిలిచేది కాదు.

ఇప్పుడు మేడిగడ్డ సంగతి చూడండి. 2019 జూన్ 21న ప్రారంభమైంది. 85 గేట్లు, 16 టీఎంసీలకు పైగా నిల్వ. నాలుగేళ్లకే కుంగింది. జాతీయ డ్యామ్ భద్రతా సంస్థ నిపుణులు వచ్చి చూసి ప్రణాళికలో, డిజైన్‌లో, నాణ్యతలో, నిర్వహణలో లోపాలున్నాయన్నారు. పునాది కింద ఇసుక జారిపోయిందన్నారు. దిగువన రక్షణగా వేసిన కాంక్రీటు దిమ్మెలనూ రాతి పరుపునూ ఎప్పటికప్పుడు తనిఖీ చేసి సరిదిద్దలేదన్నారు. ఆ చివరి మాట నన్ను ఎక్కువగా బాధించింది. నూట డెబ్భై ఏళ్ల కిందట ఎడ్లబండ్ల కాలంలో జరిగిన పని కంప్యూటర్ల కాలంలో జరగలేదు.

కాటన్‌ను ఇంతగా మోయడం ఎందుకని అడిగేవారున్నారు. బర్మా యుద్ధం దురాక్రమణ, కాలువలు తవ్వించింది శిస్తు కోసం, గోదావరిలో పడవల మార్గం తలపెట్టింది బేరారు పత్తిని ఇంగ్లండు మిల్లులకు చేర్చడానికి అంటారు. నిజమే, ఒక్కటీ కాదనను. కానీ ఆయన యజమాని ఎవరన్నది వేరు, ఆయన పనిచేసిన తీరు వేరు. ఆ యజమాని పోయి ఎన్నో ఏళ్లయింది. తీరునైనా దక్కించుకోవాలి కదా అన్నదే నా వాదన.

ఆ పడవల మార్గం మా ఊరి కథ కూడా. సముద్రం నుంచి గోదావరి మీదుగా ప్రాణహిత దాకా పడవలు నడపాలన్నది కాటన్ కల. హేగ్ అనే ఇంజనీరు ఆ పని చేపట్టాడు. దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, దేవలమర్రి దగ్గర నదిలోని రాతి అడ్డంకులను దాటించాలని పనులు మొదలుపెట్టారు. 1871లో ప్రభుత్వం వాటిని వదిలేసింది. దుమ్ముగూడెంలో ఆనకట్ట మిగిలింది. మాకు ఏమీ మిగలలేదు.

మమ్మల్ని పక్కన పెట్టే వరుస ఆ కాలం నుంచీ తెగలేదు. 1860లో నిజాం నుంచి ఎడమ గట్టు తీసుకుని ఎగువ గోదావరి జిల్లా చేశారు, సిరోంచ దానికి ముఖ్యపట్టణం. 1874లో దాన్ని ముక్కలు చేసి భద్రాచలం వైపును మద్రాసుకు, సిరోంచను చాందాకు (నేటి చంద్రపూర్‌కు) ఇచ్చారు. 1980లో గోదావరి ట్రైబ్యునల్ తీర్పు వచ్చింది, 2016లో మేడిగడ్డ ఒప్పందం జరిగింది. నీళ్ల లెక్క రాష్ట్రాల మధ్య తేలింది, ముంపు మాత్రం మా ఒడ్డుకు వచ్చింది. ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో మరాఠీ చదివే మేము హైదరాబాద్‌కు పొరుగు రాష్ట్రం వాళ్లం, ముంబయికి రాష్ట్రం చివరి తాలూకా వాళ్లం. నదిని సరిహద్దు గీతగా వాడుకున్నంత కాలం ఏ ఇంజనీరుకూ రెండు ఒడ్లూ ఒకేసారి కనిపించవు. సిరోంచ రైతులు పరిహారం కోసం దీక్షలకు కూర్చున్నారు. సాత్‌బారా అనే మహారాష్ట్ర భూమి రికార్డు కాగితం మీద పొలం ఇంకా పొలంగానే ఉంటుంది, వానాకాలంలో చూస్తే నీళ్లు.

అందుకే మరమ్మతుల మాట ఎత్తేవారిని నేను కోరేది ఇది. ఇసుక పొరల నమూనాలు తీసేటప్పుడు రెండు ఒడ్ల మనుషులనూ పిలవండి. ఏ పాయ ఏ ఏడు ఎటు తిరిగిందో, ఎక్కడ చెలమ తొందరగా ఊరుతుందో, ఎక్కడ ఎంత తవ్వినా ఊరదో ఇక్కడి జాలరులు వేలు పెట్టి చూపిస్తారు. కల్లణై పనివారి మాట ఆ సైనికాధికారి విన్నాడు. మేడిగడ్డకు ఎదుటి ఒడ్డున మా పోచంపల్లి రేవులో వల ఆరేసుకుంటున్న మనిషిని ఇంతవరకు ఒక్క అధికారీ ఒక్క ప్రశ్నా అడిగినట్టు నేను వినలేదు.