ముక్కలైతే మట్టిలో కలిసినట్టేనా?

మట్టిలో కలిసిపోతాయని చెప్పే పీఎల్ఏ, పీబీఏటీ అనే రెండు ప్లాస్టిక్కులు కలిపి చేసిన పల్చటి ఫిల్ము ఎండకు పెళుసెక్కి ముక్కలైంది కాబట్టి అది జీవవిచ్ఛిన్నం అయినట్టేనని మీ వ్యాసంలో రాశారు. నా అభ్యంతరం అక్కడే. ముక్కలవడం వేరు, సూక్ష్మజీవులు దాన్ని తిని కార్బన్ డయాక్సైడ్‌గా, నీరుగా మార్చడం వేరు.

పీబీఏటీలోని బెంజీన్ వలయాలు అతినీలలోహిత కిరణాలను బాగా పీల్చుకుంటాయి. దాంతో కొన్ని అణుగొలుసులు తెగుతాయి, కొన్ని ఒకదానికొకటి ముడిపడి వలలా బిగుసుకుంటాయి. ఈ రెండోదే అసలు చిక్కు. అలా బిగిసిన భాగం క్లోరోఫామ్ అనే ద్రావకంలో వేసినా కరగదు, జెల్‌లా ఉబ్బి మిగిలిపోతుంది. ఎంజైములకూ అంత తేలిగ్గా లొంగదు. పీఎల్ఏలో మాత్రం గొలుసులు తెగడమే ఎక్కువ, తేమ తోడైతే గొలుసును కలిపి ఉంచే ఎస్టర్ బంధాలు నీటివల్ల కూడా విడిపోతాయి. పైకి చూస్తే ఫిల్ము బాగానే ఉంటుంది గానీ, పట్టి లాగితే సాగకుండా పుటుక్కున తెగుతుంది.

ఎండకు బదులు పెట్టెలో జెనాన్ దీపం వెలుగు పెట్టి, ఫిల్మును త్వరగా మాగించి చూసే పరీక్ష గురించి ఒక మాట. పీఎల్ఏ గాజు స్థితి, అంటే గాజులా గట్టిగా ఉండే స్థితి, సుమారు 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర పోయి అది మెత్తబడుతుంది. పరీక్ష పెట్టెలో వేడి ఆ హద్దు దాటితే, ఆరుబయట జరిగే తీరు వేరు, అక్కడ జరిగే తీరు వేరు. దీపం కింద ఇన్ని గంటలు ఆరుబయట ఇన్ని నెలలకు సమానమని లెక్కకట్టడం నాకు సమ్మతం కాదు.

పొలంలో మట్టిపై పరిచే ఫిల్ములకు ఈఎన్ 17033 అనే యూరప్ ప్రమాణం, మట్టిలో రెండేళ్లలో 90 శాతం జీవవిచ్ఛిన్నం కావాలంటుంది. ఎండలో మాగిన ముక్కలకూ అదే పరీక్ష పెట్టి, జెల్ శాతంతో సహా ఫలితాలు ఇవ్వాలి. ఇంతకీ మీరు చూపిన ఫిల్ములో అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే నల్లటి పొడి, కార్బన్ బ్లాక్, కలిపారా, లేదా? దయచేసి చెప్పండి, దాన్నిబట్టి చాలా మారుతుంది.