సొరుగులోని ఫిల్టర్ కాగితం గారికి

మహారాజశ్రీ ఫిల్టర్ కాగితం గారి సముఖమునకు,

హన్మకొండ సుబేదారి వాస్తవ్యుడు, ఒక పాత కార్బురేటర్ బండి యజమాని నమస్కరించి చేసుకునే విన్నపం. ఇక్కడ మేము క్షేమం. మీరు క్షేమమని తలుస్తాను. తలవడమే తప్ప తెలిసే దారి లేదు, ఎందుకంటే 22 ఏళ్లుగా వారానికోసారి బంకు గడప తొక్కుతున్న నేను మొన్న శుక్రవారం దాకా మిమ్మల్ని కళ్లారా చూసి ఎరుగను. అడిగిన వారికి, ఒక్క చుక్కతో పెట్రోలు కల్తీని పట్టే ఫిల్టర్ కాగితం ఇస్తామని, 5 లీటర్ల పాత్రతో కొలిచి చూపుతామని బంకు గోడ మీది బోర్డు చెబుతూనే ఉంది. కాని అదే బోర్డులో ఉచితంగా గాలి అని కూడా రాసి ఉండటం, ఆ గాలి గొట్టం ఎన్నేళ్లుగా చుట్ట చుట్టుకొని పడుకుందో మేము చూస్తుండటం వల్ల, మిమ్మల్నీ ఆ కోవలోనే లెక్కవేసుకున్నాం.

మీరు లేని లోటును నమ్మకంతో పూడ్చుకున్నాం. మా వైపు ప్రతి ఇంటికీ ఒక ఇలవేల్పు, ఒక కిరాణా కొట్టు, ఒక పెట్రోలు బంకు ఉంటాయి. మూడింటిలో దేన్ని మార్చినా అరిష్టమే. మా మేనమామ ములుగు రోడ్డు మీది ఒక బంకును తప్ప మరొకదాన్ని ముట్టడు. పక్కింటాయన బంకును చూడడు, బోర్డు రంగును చూస్తాడు. ఆ రంగు కనబడకపోతే బండి తోసుకుంటూ పోవడానికైనా సిద్ధం. మా తోడల్లుడు తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడే కొట్టిస్తాడు, అప్పుడు పెట్రోలు చిక్కగా ఉంటుందట. భూమి లోపల పూడ్చిన ట్యాంకుకు పైన ఎండ ఎప్పుడు వచ్చిందో, మంచు ఎప్పుడు కురిసిందో పెద్దగా పట్టదని చెప్పి చూశాను గాని, అంత పొద్దున్నే లేచే మనిషితో వాదించి గెలవలేం. నూరు రూపాయలకు కొట్టిస్తే మోసమని నూట పది రూపాయలు చెప్పే తెలివిమంతులు సరేసరి. మోసానికి రౌండు అంకెలంటేనే ఇష్టమని వారి గట్టి అభిప్రాయం.

నా సంగతికొస్తే, నా బంకు కాజీపేట దాటి హైదరాబాదు రోడ్డు మీద మా ఇంటికి 9 కిలోమీటర్ల దూరంలో ఉంది. దారిలో మూడు కంపెనీల బంకులు నాలుగు కనిపిస్తాయి. నాలుగింటినీ చూసి చూడనట్టు దాటిపోతాను. పోను రాను 18 కిలోమీటర్లు, బండి ఇచ్చేది లీటరుకు 45, అంటే ప్రతివారం 400 మిల్లీలీటర్ల మంచి పెట్రోలును ఆ మంచి పెట్రోలు తెచ్చుకోవడానికే తగలేస్తున్నాను. 22 ఏళ్లకు లెక్క కడితే 450 లీటర్లు దాటింది. ఇదంతా గుడ్డి నమ్మకం కాదని మీతో మనవి చేస్తున్నాను, ఎందుకంటే నేను ప్రయోగం కూడా చేశాను. ఇంటి పక్క బంకులో కొట్టిస్తే మైలేజీ 41, నా బంకులో కొట్టిస్తే 45. ఇంతకన్నా రుజువేం కావాలని చాలామందితో పందెం కాశాను కూడా. పక్క బంకు పెట్రోలు మొదటి చుక్క నుంచి హన్మకొండ చౌరస్తాలో, పోచమ్మ మైదాన్‌లో బ్రేకుల మధ్య ఖర్చవుతుందని, నా బంకు పెట్రోలుకు మాత్రం మొదటి 9 కిలోమీటర్లు సాఫీ హైవే దొరుకుతుందని మొన్న మొన్ననే తట్టింది. పందెం డబ్బులు తిరిగి ఇవ్వలేదు.

మీకు తెలియనిది కాదు గాని, లేఖ కాబట్టి రాస్తున్నాను. దేశంలో అమ్మే పెట్రోలుకు ఒక ప్రమాణం ఉంది. బీఎస్-6 అనే కాలుష్య నియమాలు వచ్చిన 2020 ఏప్రిల్ 1 నుంచి గంధకం పది లక్షల పాళ్లలో 10 పాళ్లకు మించకూడదు, ఆక్టేన్ కూడా ఒక హద్దుకు తగ్గకూడదు. బోర్డు ఏ రంగుదైనా దాటవలసిన గీత ఇదే. పైగా ఒక కంపెనీ రిఫైనరీలో పుట్టిన పెట్రోలును మరో కంపెనీ తీసుకొని తన బంకుల్లో అమ్ముకునే ఏర్పాటు వాటి మధ్య చాలాకాలంగా ఉంది. ప్రతి కంపెనీకీ ప్రతి జిల్లా పక్కన రిఫైనరీ ఉండదు కదా. కనుక నేను మొహం తిప్పుకొని దాటిపోయిన ఆ నాలుగు బంకుల పెట్రోలూ నా బంకు పెట్రోలూ ఒకే కడుపున పుట్టి ఉండటానికి బాగానే అవకాశం ఉంది. ఎక్కువ ధర పెట్టి అమ్మే స్పీడు, పవర్, ఎక్స్‌పీ రకాల్లో ఇంజన్‌ను శుభ్రంగా ఉంచే మందులు కలుపుతారు, కొన్నింటికి ఆక్టేన్ కూడా ఎక్కువే. అయితే ఆక్టేన్ అనేది ఇంజన్‌లో పెట్రోలు వేళకాని వేళ అంటుకొని టకటకలాడకుండా ఆపే గుణమే గనుక, టకటకలాడని నా బండికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. మైలేజీ తగ్గిందని అన్ని రంగుల బంకుల దగ్గరా వినబడే గొణుగుడులో కొంత ఎథనాల్ వాటా కూడా ఉంది. లీటరు ఎథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉన్నదానికి మూడింట రెండు వంతులే, అది ఇప్పుడు 20 శాతం దాకా కలుస్తోంది, ఆ కలపడంలో ఏ కంపెనీ మీదా పక్షపాతం లేదు.

తేడా వచ్చేది ట్యాంకరు డిపో గేటు దాటాకే. నాకు అది వచ్చిన తీరు రాస్తాను. నిరుడు శ్రావణంలో వారం రోజుల ముసురు తర్వాత నా బంకులోనే ట్యాంకు నింపుకొని బయలుదేరితే, కాజీపేట బ్రిడ్జి ఎక్కకముందే బండి దగ్గి దగ్గి ఆగిపోయింది. మెకానిక్కు కార్బురేటర్ కింది స్క్రూ విప్పి, వచ్చినదాన్ని ఖాళీ టానిక్కు సీసాలో పట్టి వెలుగుకు ఎత్తాడు. పైన పలుచని పసుపు, కింద రెండు వేళ్ల మందాన మసక పొర. సీసా ఊపితే రెండూ పొగలా కలిశాయి, దించి పెడితే పొర మళ్లీ అడుగుకు చేరింది. ఎథనాల్ కలిసిన పెట్రోలు కొద్దిపాటి తడిని తనలో దాచుకుంటుంది, హద్దు దాటితే ఎథనాల్ నీళ్లతో చేయి కలిపి అడుగుకు దిగిపోతుంది. బంకు ట్యాంకు మూతలోంచి దిగిన వాన నీళ్లకు అంతకన్నా ఏం కావాలి. "ఏ బంకుల కొట్టించినవ్ సారూ?" అని అడిగాడు మెకానిక్కు. ఇంటి పక్క బంకు పేరు చెప్పాను. నా బంకు పరువు నా చేతిలో ఉందనిపించింది.

ఆ నీటి విషయంలో మీరు చేయగలిగిందీ ఏమీ లేదు. ట్యాంకులో దించే కొలకర్రకు పూసి, నీరు తగలగానే రంగు మారే పేస్టు వేరే ఉంది. ఇంకొక మాట, కోపగించుకోకండి. కిరోసిన్, డీజిల్ కలిపితే మరక ఉంచుకొని పట్టిస్తారే గాని, పెట్రోలుతో పాటే ఎగిరిపోయే తేలిక ద్రావకాలను మీరు పోల్చలేరు. అందుకు హైడ్రోమీటరుతో సాంద్రత చూడాలి. దాన్ని 15 డిగ్రీల లెక్కకు మార్చి, ట్యాంకరు చలానాలో రాసినదానితో పోల్చితే, తేడా ఘనపు మీటరుకు 3 కిలోలు దాటకూడదు. కొలతలో తేడాకూ ఒక హద్దు ఉంది: 5 లీటర్లకు 25 మిల్లీలీటర్లు. ఇవన్నీ అడిగే హక్కు కొనేవాడికి ఉంది. అడగవలసిన ఉద్యోగం ఉండి, నిజంగానే అడిగినవాడు షణ్ముగం మంజునాథ్. ఉత్తరప్రదేశ్‌లోని లఖీంపూర్ ఖేరీ జిల్లాలో కల్తీ బంకును మూయించిన ఆ ఇండియన్ ఆయిల్ అధికారిని 2005 నవంబర్‌లో కాల్చి చంపారు. ఆయన ప్రాణం పెట్టి అడిగినదాన్ని, ప్రాణభయం ఏమీ లేని మేము వెనకవాడు హారన్ కొడతాడని అడగడం మానేశాం.

ఇక మొన్నటి శుక్రవారం. ఇంటి పక్క బంకులో, 22 ఏళ్లలో మొదటిసారి, మిమ్మల్ని అడిగాను. పెట్రోలు గన్ను పట్టుకున్న పిల్లవాడు మేనేజరును పిలిచాడు. మేనేజరు నన్ను చెప్పుల దాకా చూసి, "సారు, మీది ఏ డిపార్ట్‌మెంటు?" అన్నాడు. ఏ డిపార్ట్‌మెంటూ కాదంటే మరింత కంగారుపడ్డాడు. వెనక నలుగురు హారన్లు మొదలుపెట్టారు. ఒకాయన నన్ను విలేకరిని చేసి పక్కవాడికి పరిచయం చేశాడు. సొరుగులోంచి రసీదు చుట్టలు, అగరుబత్తి పొట్లం, నిరుటి క్యాలెండరు బయటికి వచ్చాక, ఆ అడుగున, ప్లాస్టిక్కు కవరులో మీరు. గన్ను మూతి గుడ్డతో తుడిపించి ఒక్క చుక్క వేయించాను. తడి వలయం మీ మీద రూపాయి బిళ్లంత పరచుకొని, అంచుల నుంచి లోపలికి ముడుచుకుంటూ, రెండు నిమిషాలు కాకముందే పోయింది. జిడ్డు లేదు, మరక లేదు.

మిమ్మల్ని మడిచి జేబులో పెట్టుకోబోతుంటే మేనేజరు చెయ్యి చాపాడు.

"ఇటియ్యున్రి సార్, ఒక్కటే ఉన్నది. మరక పడలేదు గద, మల్ల పనికొస్తది."

ఇట్లు,
మీ దర్శనం చేసుకున్న వినియోగదారుడు,
సుబేదారి, హన్మకొండ.